గేటు ఎత్తేవాడికి కుర్చీ ఏది?

విపత్తు నిర్వహణ మీద వచ్చే ఒక ఇంగ్లీషు జర్నల్‌కి రెండేళ్లుగా సంపాదక సలహా మండలిలో ఉన్నాను. వరద హెచ్చరికల మెసేజ్‌లు పంపే సాఫ్ట్‌వేర్ మీద పనిచేశానని నన్ను తీసుకున్నారు. జర్నల్ పేరు అనవసరం. మండలిలో ప్రొఫెసర్లున్నారు, రిటైరైన అధికారులున్నారు, ఒకరిద్దరు కన్సల్టెంట్లున్నారు. వరద రాత్రి గేటు దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం ఒక్కడూ లేడు. నా గొడవంతా ఇదే.

మాది నరసరావుపేట. మా పల్నాడుకి ఒక చివర సాగర్, ఇంకో చివర పులిచింతల. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతలలో 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. ఉన్న 24 గేట్లలో ఒక్కటి. అక్కడ స్టాప్‌లాగ్ దించడానికి, నిండుగా ఉన్న జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేయాల్సి వచ్చింది. మూడేళ్ల తర్వాత, 2024 ఆగస్టు 10 రాత్రి, తుంగభద్రలో 19వ గేటు గొలుసు తెగింది. అక్కడా నీళ్లు బాగానే పోయాయి గానీ, ప్రవాహం ఆగకముందే, వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు దించేశారు. దగ్గరుండి నడిపించింది కన్నయ్య నాయుడు గారు, గేట్ల పనిలోనే జీవితం గడిపిన పెద్దాయన. ఈ రెండు గేట్లనీ పక్కపక్కన పెట్టి ఇక్కడ ఏం కుదరలేదు, అక్కడ ఎలా కుదిరింది అని అడిగే వ్యాసం కన్నా విపత్తు జర్నల్‌కి ఇంకేం కావాలి?

సమావేశంలో ఇదే అన్నాను. లస్కర్లు, గేట్ ఆపరేటర్లు చెప్పింది రాసుకుని వాళ్ల పేర్లతోనే వేద్దామన్నాను. చాలా మర్యాదగా జవాబొచ్చింది: అవి అనుభవాలండీ, పరిశోధన కాదు, మెథడాలజీ ఉండాలి. అదే లస్కర్‌కి ఒక పీహెచ్‌డీ కుర్రాడు ప్రశ్నాపత్రం ఇచ్చి, అతను చెప్పింది టేబుల్‌లోకి ఎక్కిస్తే డేటా. నేరుగా నోటితో చెబితే కబుర్లు! మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి కూడా ఈపాటి ఇంగితం ఉంది. సర్వర్ పడిపోతే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడినే కూర్చోబెట్టి ఏం జరిగిందో రాయమంటాం. నీ డిగ్రీ ఏంటని అడగం.

భాష సంగతి ఇంకో దారుణం. కృష్ణా వరద మీద రాసిన పేపర్‌ని కృష్ణ ఒడ్డున ఉన్నవాడు డబ్బులు కట్టి, ఇంగ్లీషులో చదువుకోవాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకి అప్పజెప్పిన పనుల్లో జర్నళ్లు ప్రచురించడం కూడా ఉంది. ఆ సంస్థ దక్షిణ ప్రాంగణం ఇప్పుడు గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది. అక్కణ్ణుంచి తెలుగులో ఒక పత్రిక అడగడం గొంతెమ్మ కోరికా? తూము, గండి, ముంపు, కరకట్ట... మాటలకేం కరువు లేదు మనకి.

'డిజాస్టర్స్' అనే ఇంగ్లీషు జర్నల్ మొదలైంది 1977లో. దివిసీమ ఉప్పెన కూడా ఆ ఏడాదే, నవంబర్ 19న. ఆ ఉప్పెన గురించి నా చేతికి మొదట అందింది నగ్నముని 'కొయ్యగుర్రం'. నాలాంటి పాఠకులు చాలామందికీ అంతే అనుకుంటాను. ప్రభుత్వాన్ని నిలదీసే పని కవి చేశాడు, బాగుంది. కానీ ఏ ఊళ్లో ఎవరు ముందే కదిలారు, ఎవరు ఎందుకు కదల్లేదు అనేది కవిత చెప్పాల్సిన పని కాదు కదా. ఆ పనికి మన భాషలో చోటెక్కడ? సాహిత్య పత్రికలవాళ్లం మనం కూడా ఉప్పెనని ప్రతీకగా వాడుకున్నంత ఇష్టంగా దాని లెక్కలు అడగలేదు.

'రాజీనామా చేసెయ్ బావా' అంటాడు మాచర్ల స్నేహితుడు. 'ఉండనీలే, ప్రొఫైల్‌కి బాగుంటుంది' అంటాడు హైదరాబాద్ స్నేహితుడు. ఇద్దరి మాటా వినను. నేను లేస్తే ఆ కుర్చీలో ఇంకో సాఫ్ట్‌వేర్ వాడు కూర్చుంటాడు, లస్కర్ కాదు. వచ్చే సమావేశానికి రెండు తీర్మానాలు రాసి పెట్టుకున్నాను. మండలిలో రెండు స్థానాలు ప్రాజెక్టుల మీద పనిచేసిన క్షేత్ర సిబ్బందికి, దారి ఖర్చులతో సహా. కృష్ణా, గోదావరుల మీద వచ్చే ప్రతి పేపర్‌కీ రెండు పేజీల తెలుగు సారాంశం, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా. కాదంటే, ఎందుకు కాదో మినిట్స్‌లో రాయమంటాను.