బడి ఖర్చు బడికి వదిలేయండి

ప్రభుత్వ బడి అనగానే మన దగ్గర కట్టడం గురించే మాట్లాడతారు. కొత్త గదులు, రంగులు, శిలాఫలకం, దాని మీద పేర్లు. కట్టిన బడిని ఏడాది పొడుగునా నడపడానికి ఎంత కావాలి, ఆ డబ్బు ఎవరి చేతిలో ఉండాలి, దేనికి ఖర్చు పెట్టొచ్చు అన్న చర్చ ఎక్కడా వినపడదు. కానీ అమ్మానాన్నలు చూసేది ఆ రెండోదే. మోటరు కాలిపోయి పది రోజులు బాత్రూముల్లో నీళ్లు లేకపోతే, ఆడపిల్ల తల్లి పదకొండో రోజు ప్రైవేటు స్కూలు బస్సు ఫీజు ఎంతో కనుక్కుంటుంది. మా తర్లుపాడు నుంచి మార్కాపురం వైపు పొద్దున్నే పోయే పసుపు బస్సుల్లో కూర్చున్న పిల్లలందరూ ఇంగ్లీషు మీడియం మోజుతోనే పోతున్నారని నేననుకోను. కొంతమంది కుళాయి కోసం కూడా పోతున్నారు.

నా మాట ఒక్కటే. బడి నడిపే చిన్న డబ్బు మీద నిర్ణయం బడికే వదలాలి, దాని లెక్క మాత్రం ఊరందరికీ చూపించాలి. ఇప్పుడున్న పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. నిర్ణయం పైన ఉంది, లెక్క ఊరికి కనపడదు.

ఇఫ్-ఎల్స్ నిచ్చెన

సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బడికి డబ్బు ముక్కలు ముక్కలుగా వచ్చేది. ప్రైమరీ బడికి స్కూల్ గ్రాంటు 5,000, అప్పర్ ప్రైమరీకి 7,000, మరమ్మతులకు వేరే, బోధన సామగ్రికి ఒక్కో టీచరుకి 500. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దులో వాడకూడదు. 2018లో సమగ్ర శిక్షా వచ్చాక ఈ ముక్కలన్నీ కలిపి కాంపోజిట్ స్కూల్ గ్రాంటు అన్నారు. అది మంచి పనే. కరెంటు బిల్లు, ఇంటర్నెట్, నీళ్లు, సుద్దముక్కలు, ఆట వస్తువులు, ల్యాబ్ సామాను, పాడైన వస్తువుల బదులు కొత్తవి, చిన్న మరమ్మతులు, అన్నీ ఇందులోంచే. కనీసం 10 శాతం పారిశుధ్యానికి పెట్టాలి.

ఇప్పుడు ఎంతిస్తారో చూడండి. 30 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి 10,000. 31 నుంచి 100 వరకు 25,000. 101 నుంచి 250 వరకు 50,000. 251 నుంచి 1,000 వరకు 75,000. వెయ్యి దాటితే లక్ష.

సీఎస్‌ఈ వాళ్లం కాబట్టి ఇది చూడగానే మనకి ఇఫ్-ఎల్స్ నిచ్చెన గుర్తొస్తుంది. అంచుల దగ్గర ఏం జరుగుతుందో టెస్ట్ చేద్దాం. 30 మంది ఉన్న బడికి పిల్లవాడికి 333 రూపాయలు. ఇంకో పిల్ల చేరిందనుకోండి, పిల్లకి 806. వంద మంది ఉంటే 250కి పడిపోతుంది, నూట ఒకటో పిల్లవాడు రాగానే 495. వెయ్యి మంది ఉన్న హైస్కూల్లో పిల్లవాడికి 75. ఒక్క అడ్మిషన్‌తో బడి ఏడాది ఖర్చు రెండున్నర రెట్లు పెరగడం, ఒక్క టీసీతో అంతే తగ్గడం ఏ లెక్కకీ అందదు. ఇంటర్వ్యూలో ఇలాంటి కోడ్ రాస్తే మనల్ని బయటికి పంపిస్తారు.

2018లో ఈ గ్రాంటు ప్రకటించినప్పుడు కనీస మొత్తం 25,000 అన్నారు. తర్వాత చిన్న బళ్లకి అదే 10,000 అయింది. అందులో పారిశుధ్యానికి వెయ్యి తీస్తే మిగిలింది 9,000. నెలకి 750. మనం హాస్టల్లో నెలకి బిర్యానీలకి పెట్టేది అంతకంటే ఎక్కువే.

ముప్పై మంది పిల్లల బడికైనా, తొంభై మంది బడికైనా కప్పు ఒకటే, మోటరు ఒకటే. చిన్న బడికి ఖర్చు మరీ అంత తక్కువేం ఉండదు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 గుర్తుందా? కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతుల్ని అక్కడికి మార్చమన్నారు. అలా మార్చిన చోట ప్రైమరీ బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. గదులు అలాగే ఉన్నాయి, గ్రాంటు మెట్టు మాత్రం దిగే పరిస్థితి వచ్చింది. 2025లో ఆ జీవో రద్దు చేశారు. నిచ్చెన మాత్రం అలాగే ఉంది.

డబ్బు ఎక్కడుంది?

2021 జులైలో కేంద్ర పథకాల డబ్బుకి రాష్ట్రంలో ఒక్కో పథకానికి ఒకే నోడల్ ఖాతా అన్న పద్ధతి వచ్చింది. బడికి జీరో బ్యాలెన్స్ ఖాతా ఉంటుంది. అందులో డబ్బు ఉండదు, ఇంతవరకు వాడుకోవచ్చన్న పరిమితి మాత్రమే ఉంటుంది. దీనికి కారణం లేకపోలేదు. అంతకు ముందు లక్షల ఖాతాల్లో ప్రభుత్వం డబ్బు ఊరికే పడి ఉండేది, అవతల అదే ప్రభుత్వం వడ్డీకి అప్పు తెచ్చేది. పైనుంచి చూస్తే ఇది చాలా తెలివైన సిస్టం.

కింద నుంచి చూస్తే వేరేగా ఉంటుంది. పరిమితి విడతలుగా వస్తుంది. కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. మిగిలింది దాచుకోవడానికి లేదు, ఆర్థిక సంవత్సరం అయిపోతే పరిమితి కూడా పోతుంది. అందుకే చాలా బళ్లలో జులైలో చీపురు కొనడానికి డబ్బుండదు, మార్చిలో అవసరం లేని చార్టులు కూడా కొంటారు. మా మేనత్త ఒక పల్లెలో ఇద్దరు టీచర్ల బడికి హెచ్‌ఎం. ఆమెని అడిగితే, "పదివేలు తక్కువని కాదురా నా బాధ. అది ఎప్పుడొచ్చిద్దో తెలవదు. ముందు నా జేబులోంచి పెట్టాలి, తర్వాత బిల్లులు పట్టుకుని తిరగాలి" అంది. ఒక బడి పొదుపు చేస్తే శిక్ష, ఖర్చు చేస్తే సంజాయిషీ. ఈ రెండూ కలిపి పెట్టాక ఏ హెచ్‌ఎం అయినా ఏమీ ముట్టుకోకుండా కూర్చోవడమే క్షేమం అనుకుంటారు.

తల్లుల డబ్బు కథ కూడా ఇదే దారిలో పోయింది. అమ్మ ఒడి 2020 జనవరిలో 15,000తో మొదలైంది. తర్వాతి ఏడాది టాయిలెట్ల నిర్వహణ నిధికి వెయ్యి, 2022లో దానికి తోడు స్కూల్ నిర్వహణకి ఇంకో వెయ్యి తీశారు. చేతికొచ్చింది 13,000. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది, 2025లో ఇచ్చింది మళ్లీ 13,000. మిగిలిన 2,000 బడి నిర్వహణకే అని, జిల్లా స్థాయి ఖాతాకి వెళ్తుందని చెప్పారు. బడి బాగుకి తల్లి వాటా తీయడం తప్పంటానా? అనను. కానీ అరవై మంది తల్లుల నుంచి తీస్తే 1,20,000. ఆ బడికి వచ్చే గ్రాంటు 25,000. తమ వాటా దేనికి ఖర్చయిందో ఆ అరవై మందిలో ఎంతమంది చెప్పగలరు?

చార్టర్ బేరం

అమెరికాలో చార్టర్ స్కూల్స్ అని ఉన్నాయి. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటి చట్టం చేసింది. ఫీజు ఉండదు, ప్రభుత్వ డబ్బుతో నడుస్తాయి, కానీ నడిపేది బడికి ఉన్న సొంత బోర్డు. పిల్లల సంఖ్యని బట్టి డబ్బు వస్తుంది. అందులో ఎంత జీతాలకి, ఎంత పుస్తకాలకి, ఎంత మరమ్మతులకి అన్నది చాలావరకు బోర్డు నిర్ణయం. దానికి బదులుగా ఆడిట్ చేయించుకోవాలి, పిల్లల చదువు చూపించాలి, చూపించలేకపోతే ఒప్పందం పోతుంది. స్వేచ్ఛ తీసుకో, జవాబు చెప్పు. ఇదీ బేరం.

అక్కడంతా బంగారం అని చెప్పడం లేదు. ఒహాయోలో ఈకాట్ అనే పెద్ద ఆన్‌లైన్ చార్టర్ స్కూల్ ఉండేది. అది డబ్బు తీసుకున్నంత మంది పిల్లలు నిజంగా చదివినట్టు రుజువులు చూపలేకపోయింది. దాదాపు 8 కోట్ల డాలర్లు తిరిగి కట్టమన్నారు, 2018 జనవరిలో చదువు సంవత్సరం మధ్యలో అది మూతపడింది. వేల మంది పిల్లలు రాత్రికి రాత్రి వేరే బడి వెతుక్కున్నారు. లెక్క అడిగేవాడు లేని స్వేచ్ఛకి అది ఉదాహరణ.

మన దగ్గర దానికి దగ్గరగా కనిపించేవి ఎయిడెడ్ బళ్లు. మేనేజ్‌మెంట్ ప్రైవేటుది, జీతం ప్రభుత్వానిది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో వాటి సిబ్బందిని, ఆస్తుల్ని అప్పగించమని అడిగినప్పుడు పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. చివరికి ఇష్టమున్నవాళ్లు ఎయిడెడ్‌గానే ఉండొచ్చన్నారు. ఆ గొడవంతా బడి ఎవరిది అన్న దాని మీదే నడిచింది. నేనడిగేది అది కాదు. ప్రభుత్వ బడి ప్రభుత్వానిదిగానే ఉండనీయండి. చార్టర్ బేరంలో మంచి సగాన్ని మాత్రం తెచ్చుకుందాం.

మనకి చేతకాదా?

చేతనైందని ఇప్పటికే తేలింది. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు మొదటి విడతలో 15,715 బళ్లు ఉన్నాయి. ఫ్యాన్లు, బెంచీలు, రంగులు రాష్ట్ర స్థాయిలో టెండర్ పెట్టి కొన్నా, మరమ్మతులు, బాత్రూముల లాంటి పనులు చేయించింది తల్లిదండ్రుల కమిటీలే. ఇసుక, సిమెంటు వాళ్లే తెప్పించారు, మేస్త్రీని వాళ్లే మాట్లాడారు. అన్నిచోట్లా బాగా జరిగిందని కాదు, సగంలో ఆగినవి కూడా ఉన్నాయి. కానీ లక్షల రూపాయల పని చేయించగలదని నమ్మిన అదే కమిటీని, మూడు వేల మోటరు రిపేరుకి నమ్మలేమా?

చట్టం కూడా వాళ్ల వైపే ఉంది. విద్యా హక్కు చట్టం, 2009 ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. అందులో మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు. గ్రాంటు ఎలా ఖర్చవుతుందో చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం వాళ్ల పనే అని సెక్షన్ 21, 22 చెప్తాయి. కానీ చేతిలో డబ్బు లేని కమిటీ ఏం చూస్తుంది? తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టి ఇంటికి పోతుంది.

"అక్కడ వదిలేస్తే తినేస్తారు" అంటారు కొందరు. తినే అవకాశం ఎక్కడైనా ఉంటుంది, జిల్లా స్థాయి టెండర్లో కూడా ఉంటుంది. తేడా ఏంటంటే, మా ఊళ్లో కుళాయి బిగించారా లేదా అన్నది విజయవాడలో కూర్చున్న ఆడిటర్ కంటే అక్కడ చదివే పిల్ల వాళ్లమ్మకి బాగా తెలుసు. ఆమెకి లేనిది ఒక్కటే, ఎంత డబ్బు వచ్చిందన్న సమాచారం.

ఇంకో విషయం. అవసరం ఊరు ఊరికీ మారుతుంది. మా మార్కాపురం ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ఇక్కడ బడికి మొదటి ఖర్చు నీళ్లే. ఆర్‌ఓ ప్లాంటు ఇవ్వడంతో పని అయిపోదు, ఫిల్టర్లు మార్చకపోతే అది మూలన పడి ఉండే ఇనప డబ్బా. అప్పుడు ఇరవై లీటర్ల క్యాన్లు కొనాలి, లేదా పిల్లలు ఇంటి నుంచి సీసా తెచ్చుకోవాలి. కోనసీమలో ఒక బడికి వానాకాలం బురద సమస్య కావొచ్చు. రెండు బళ్లకీ ఒకే వస్తువుల జాబితా పంపితే ఒకరికి పనికొస్తుంది, ఇంకొకరికి బీరువా నిండుతుంది. దేశమంతటికీ బడి పలకలు పంపిన మార్కాపురం ఇక్కడికి దగ్గరే. మా బళ్లకి ఏం కావాలో రాసుకునే తెలివి మా వాళ్లకి ఉంది.

నాలుగు మార్పులు

ఒకటి. మెట్లు తీసేసి, ప్రతి బడికి ఒక స్థిరమైన మొత్తం, దాని మీద తలకి ఇంత అని ఇవ్వాలి. ఉదాహరణకి 15,000, దానికి తోడు పిల్లకి 150 అనుకుందాం. ముప్పై మంది బడికి 19,500, వంద మందికి 30,000 వస్తుంది. అంకెలు వేరే పెట్టుకోవచ్చు. ఒక్క టీసీతో బడి కుంగిపోకుండా ఉంటే చాలు.

రెండు. కనీసం సగం డబ్బు జూన్‌లో, బళ్లు తెరిచే రోజుకి వాడుకునేలా ఉండాలి. మిగిలిన దాంట్లో కొంత, పాతిక శాతం అనుకోండి, వచ్చే ఏడాదికి తీసుకెళ్లనివ్వాలి. అప్పుడు మార్చి చార్టుల బదులు జూన్‌లో మోటరు వస్తుంది.

మూడు. ఏం కొనాలో చెప్పే జాబితాలు ఆపేసి, ఏం కొనకూడదో చెప్పే చిన్న జాబితా ఇవ్వాలి. సన్మానాలు, ఫ్లెక్సీలు, అధికారులు వచ్చినప్పటి మర్యాదలు అందులో మొదట రాయాలి. కమిటీలో ఎవరి సొంత షాపు నుంచీ కొనకూడదని కూడా రాయాలి. ఈకాట్ లాంటి కథలు ఇక్కడ రాకుండా ఉండాలంటే ఇలాంటి గీతలు గట్టిగా ఉండాలి.

నాలుగు. తల్లుల వాటాతో సహా వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి బడి బయట గోడ మీద తెలుగులో రాయాలి. యాప్‌లో ఉంది కదా అంటే కుదరదు. యాప్ చూసేది ఆఫీసు, గోడ చూసేది ఊరు.

మనలో చాలామంది కాలేజీ అయ్యాక బెంగళూరో, హైదరాబాదో పోతాం. ప్రభుత్వ బడికి ఏదైనా చేద్దాం అనిపించినప్పుడు పాత ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం, గోడకి బొమ్మలు వేయడం లాంటివి చేస్తాం. చేయండి, మంచిదే. ఈసారి సెలవులకి ఊరికి పోయినప్పుడు దాంతోపాటు ఇంకోటి చేయండి. మీ ఊరి బడి కమిటీలో ఉన్న ఒక తల్లిని కలిసి, ఈ ఏడు గ్రాంటు ఎంత వచ్చిందో ఆమెకి తెలుసా అని అడగండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి హెచ్‌ఎం సారు దగ్గరికి వెళ్లి లెక్క చూడండి. ఆయన మీద తగువుకి కాదు. ఆ డబ్బు సరిపోదని, టైముకి రాదని పైకి చెప్పడానికి ఆయనకి కూడా ఒక తోడు కావాలి.