సినిమా ఏ తేదీ దగ్గర ఆగింది?

గ్రూప్స్‌కి చదివే మా అనంతగిరి, కోదాడ కుర్రాళ్లు చాలామంది చరిత్ర పుస్తకం పక్కన పెట్టి సినిమా పెట్టుకుంటారు. (అరకు దారిలోని అనంతగిరి కాదు, వికారాబాద్‌దీ కాదు. మాది సూర్యాపేట జిల్లా.) అందులో తప్పేం లేదు. కాకపోతే డాక్యుమెంటరీ అంటే నిజం, పొలిటికల్ డ్రామా అంటే కల్పన అని మనం ఒక లెక్క వేసేసుకుంటాం. నన్నడిగితే ఆ లెక్క కంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. కథని ఏ తేదీ దగ్గర ఆపారు?

మన ప్రాంతం కథే తీసుకోండి. ‘రజాకార్’ 2024 మార్చి 15న విడుదలైంది. నిర్మాత గూడూరు నారాయణరెడ్డి బీజేపీ నాయకుడు. మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. గిట్‌హబ్‌లో కోడ్ ఎవరు, ఎప్పుడు మార్చారో చూసే అలవాటున్నవాళ్లకి ఈ రెండు వివరాల విలువ వేరే చెప్పక్కర్లేదు. రజాకార్ల దౌర్జన్యాలు కల్పితం కావు, మన ఊళ్ల పెద్దలు తరాలుగా చెప్పుకున్నవే. కానీ సినిమా 1948 సెప్టెంబర్‌లో సైన్యం రావడంతో కథ ముగించేస్తుంది. అదొక్కటే చూస్తే సాయుధ పోరాటం కూడా అప్పుడే అయిపోయిందనుకుంటాం. అవలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోవడంతో రాజుకున్న పోరాటాన్ని 1951 అక్టోబర్‌లో గానీ విరమించలేదు. అంటే నిజాం లొంగిపోయాక ఇంకో మూడేళ్లు! ఆ మూడేళ్లు ఎవరి మీద, దేనికోసం పోరాడారు? ఇంటర్వ్యూ బోర్డు ముందు ఈ ప్రశ్న పడితే ‘రజాకార్’ ఒక్కటే చూసినవాడి దగ్గర జవాబుండదు.

ఆ జవాబు కొంత ‘మా భూమి’లో దొరుకుతుంది. బి.నర్సింగరావు నిర్మాత, గౌతమ్ ఘోష్ దర్శకుడు, క్రిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. ఇది సైన్యం వచ్చిన రోజు దగ్గర ఆగదు. సైన్యం వెనకే దొర కూడా ఊళ్లోకి తిరిగొస్తాడు, రైతులు పంచుకున్న భూమి మళ్లీ తగువులో పడుతుంది. ఇదీ ఒక పక్షం వహించిన సినిమానే, ఆ సంగతి దాచుకోదు కూడా. దొర వైపు వాదన ఇందులో వెతక్కండి.

ఎన్టీఆర్ విషయంలో ఇంకా తమాషా. 2019 ఎన్నికల ముందు కొడుకు బాలకృష్ణ తీసి, నటించిన ‘మహానాయకుడు’ 1984లో పోయిన కుర్చీ తిరిగి దక్కడం దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. నెల దాటిన కొద్ది రోజులకే రామ్‌గోపాల్ వర్మ ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ 1995 వెన్నుపోటు కథ చెప్పింది. ఒకే మనిషి, రెండు ముగింపులు. రెండోది ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ అయ్యేదాకా విడుదలే కాలేదు. ముగింపు తేదీకి అంత బలముంది మరి.

అదే 1984లో హైదరాబాద్ పాతబస్తీలో మతఘర్షణలు జరిగాయి. వాటి మీద దీపా ధన్‌రాజ్ 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో’ అనే డాక్యుమెంటరీ తీశారు. కుర్చీ కథలో మనకి ఎమ్మెల్యేల క్యాంపులు గుర్తుంటాయి, ఇక్కడేమో కర్ఫ్యూలో ఇరుక్కున్న మామూలు జనం గుర్తుండిపోతారు. నాకు డాక్యుమెంటరీయే నచ్చుతుంది, ఒప్పుకుంటా. అయినా ఎవరి మాట ఉంచాలి, ఎవరిది కత్తిరించాలి అని నిర్ణయించే ఎడిటర్ అక్కడా ఉంటాడు. వెనక వినిపించే వ్యాఖ్యానం కూడా ఒకరు కూర్చుని రాసిందే.

కాబట్టి ఈసారి నోట్సులో సినిమా పేరు పక్కన మూడు తేదీలు రాసుకోండి: కథ మొదలైంది, ఆగింది, విడుదలైంది. ‘రజాకార్’తో మొదలుపెట్టి, ఆ వెంటనే ‘మా భూమి’ చూడండి. 1948 సెప్టెంబర్ తర్వాత మీ ఊళ్లో భూములు ఎవరి చేతికొచ్చాయో ఇంట్లో తాతనో నానమ్మనో అడగండి. వాళ్లు చెప్పింది కూడా అదే పేజీలో, తేదీ వేసి రాయండి.