ఉన్నది ఉన్నట్టే సరే, ఉన్నదేమిటో చూడనివ్వరా?

టెక్సస్ ఆస్తి చట్టంలో 51.009 అనే సెక్షన్ ఉంది. అప్పు కట్టలేక జప్తయిన ఇంటిని వేలంలో కొన్న మనిషి గురించి అది రెండు మాటలు చెబుతుంది. యాజమాన్య హక్కు సంగతి తప్ప మరే హామీ లేకుండా, ఉన్నది ఉన్నట్టు, తన పూచీ మీదే కొన్నాడన్నది మొదటి మాట. అతను వినియోగదారు కాడన్నది రెండోది. మొదటిది అందరూ చెబుతారు. రెండోది ఎవరూ ఎత్తరు. దుకాణంలో టోస్టర్ కొన్నవాడు వినియోగదారు. జీవితకాలపు పొదుపు పోసి ఆ వేలంలో ఇల్లు కొన్నవాడు కాడు. అంటే వినియోగదారులను మోసాల నుంచి కాపాడే రాష్ట్ర చట్టం పట్టుకుని కోర్టుకు వెళ్దామన్నా, ఆ గుమ్మం అతనికి మూసే ఉంటుంది.

ఈ సెక్షన్ ఊసే లేకుండా డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలో, ప్లేనోలో, అర్వింగ్‌లో మన తెలుగువాళ్ల మధ్య ఫోర్‌క్లోజర్ ఇళ్ల కబుర్లు సాగుతుంటాయి. "ఎలాగూ యాజ్-ఈజ్ కదా, బ్యాంకు ఒక్క మేకు కూడా కొట్టదు, ఇంక ఇన్‌స్పెక్షన్ ఎందుకు దండగ?" అన్నది వాటిలో తరచుగా వినిపించే వాదం. చదువుకున్నవాళ్లు, ఆఫీసులో నాలుగుసార్లు పరీక్షించనిదే ఒక్క లైను కోడ్ కూడా బయటికి పంపనివాళ్లు ఈ మాట అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. యాజ్-ఈజ్ అంటే అమ్మేవాడు బాగుచేయడని మాత్రమే అర్థం. కొనేవాడు కళ్లు మూసుకోవాలని కాదు. బ్యాంకుతో బేరమాడటానికి ఇన్‌స్పెక్షన్ పనికిరాకపోవచ్చు. ఆ ఇల్లు కొనాలో, దండం పెట్టి వెనక్కి రావాలో తేల్చుకోవడానికి అంతకు మించిన ఆధారం లేదు. ఉన్నది ఉన్నట్టు తీసుకోవడానికి సిద్ధపడినవాడికే ఉన్నదేమిటో తెలియాల్సిన అవసరం అందరికన్నా ఎక్కువ.

పరీక్ష చేసి కొనడం మనకు కొత్తేమీ కాదు. తోక విరిచి చూడందే బెండకాయ సంచీలో వేయం. గుంటూరులోనో హైదరాబాదులోనో స్థలం కొంటే లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ తీయించి వకీలుకు చూపిస్తాం. అక్కడ మన భయమంతా కాగితాల మీద. విలువ నేలలో ఉంటుంది కాబట్టి గోడల్ని పెద్దగా పట్టించుకోం. అదే అలవాటు ఇక్కడికీ తెచ్చుకున్నాం. టైటిల్ కంపెనీ కాగితాలు శుభ్రంగా ఉన్నాయనగానే గుండె నిమ్మళిస్తుంది. కానీ ఇక్కడి ఇల్లు చెక్క చట్రం. రోగం కాగితంలో ఉండదు, గోడ లోపల ఉంటుంది.

చలికాలంలో బ్యాంకు చేతికొచ్చిన ఇంట్లోకి ఒకసారి వెళ్లి చూడండి. టాయ్‌లెట్ మూతకు అడ్డంగా టేపు, దాని మీద వాడొద్దని హెచ్చరిక కాగితం. మూత కింద నీళ్లకు బదులు గులాబీ రంగు యాంటీఫ్రీజ్. పైపులు గడ్డకట్టి పగలకుండా నీళ్లన్నీ తోడేసి, గాలితో ఊదించి వదిలేస్తారు. కుళాయి తిప్పితే చుక్క రాదు. గ్యాస్ లేదు, కరెంటు లేదు. ఆ ఇంట్లో ఏ పైపు కారుతుందో, హీటర్ వెలుగుతుందో లేదో, ఏసీ చల్లబరుస్తుందో లేదో కళ్లతో చూసి చెప్పగలిగినవాడు లేడు. బయటికి వస్తే ఏసీ యూనిట్ ఉండాల్సిన సిమెంటు దిమ్మ ఖాళీగా ఉండొచ్చు. రాగి కోసం దొంగలు పట్టుకుపోతుంటారు. ఉత్తర టెక్సస్ బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి పునాదిని మెలితిప్పుతుంది. తలుపు చట్రం మూల నుంచి పైకి ఏటవాలుగా పాకిన పగులు దాని గుర్తు. కొత్త రంగు వేస్తే ఆ పగులు కొన్నాళ్లు కనపడదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మనుషులున్న ఇళ్లలోనే పైపులు పగిలాయి. ఖాళీ ఇంట్లో పగిలిన పైపు సంగతి చెప్పేవాళ్లెవరు?

వీటిని వెతికే ఇన్‌స్పెక్టర్ తీసుకునేది కొన్ని వందల డాలర్లు. నీళ్లు, కరెంటు పెట్టించి పరీక్షించాలని, మురుగు పైపులో కెమెరా దింపాలని మనమే అడగాలి. అడగకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. ఒరెగాన్‌లోని క్లామత్ ఫాల్స్‌లో 2012లో ఒక యువ కుటుంబం గృహరుణ సంస్థ ఫ్రెడ్డీ మాక్ నుంచి 36,000 డాలర్లకు జప్తు ఇల్లు యాజ్-ఈజ్‌గా కొంది. కొద్ది వారాలకే తలనొప్పులు, నోట్లో పుళ్లు. యాభై డాలర్ల కిట్‌తో పరీక్షిస్తే గోడల్లో మెథాంఫెటమిన్ విషం బయటపడింది. అంతకు ముందు అక్కడ ఆ మత్తుమందు వండారు. మామూలు ఇన్‌స్పెక్షన్‌లో ఇది తేలదు, ప్రత్యేకంగా అడిగి చేయించాలి.

వేలానికీ, బ్యాంకు దగ్గర కొనడానికీ తేడా ఉంది. టెక్సస్‌లో ప్రతి నెలా మొదటి మంగళవారం కౌంటీ వేలం జరుగుతుంది. లోపల పాత యజమాని ఇంకా కాపురం ఉండొచ్చు. గడప దాటి చూసే వీలుండదు. ఆ వేలం అందులో ఆరితేరిన వ్యాపారులది. ఒకే ఇల్లు, ఒకే పొదుపు ఉన్న కుటుంబం అక్కడ నిలబడకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే అక్కడ కొన్నవాడు వినియోగదారు కాడు. వేలంలో ఎవరూ పాడక బ్యాంకుకే మిగిలిన ఇల్లయితే లోపలికి వెళ్లి చూడొచ్చు. అయితే ఇంటి లోపాలు రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన నుంచి టెక్సస్ ఆ బ్యాంకుకు మినహాయింపునిచ్చింది. తాను ఆ ఇంట్లో ఎన్నడూ ఉండలేదు, లోపాలెలా తెలుస్తాయన్నది బ్యాంకు వాదన. అందులో కొంత నిజం ఉంది. కానీ పాత యజమాని వెళ్లిపోయాడు, బ్యాంకుకు తెలియదు. కొనేవాణ్ని కూడా చూడనివ్వకపోతే ఆ ఇల్లెలా ఉందో ఎరిగినవాడు ఒక్కడూ లేకుండా అమ్మకం జరిగిపోతుంది.

చట్టం ఎవరి పక్షాన నిలబడుతుందో 1995లోనే తేలింది. ఆస్టిన్‌లో యాజ్-ఈజ్‌గా కొన్న భవనంలో ఆస్బెస్టాస్ బయటపడిన కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు, దాన్ని అమ్మిన ప్రుడెన్షియల్ కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. యాజ్-ఈజ్ సంతకం చెల్లుతుందంది. మోసంతో చేయించిన సంతకం మాత్రం చెల్లదు. కొనేవాడి తనిఖీకి అమ్మేవాడు అడ్డుపడినా చెల్లదు. తనిఖీ అడిగినవాడికి ఆ తీర్పులో ఒక ఆసరా ఉంది. అసలు అడగనివాడికి ఏదీ లేదు.

మసాచుసెట్స్ 2024లో చేసిన గృహ చట్టం కింద, 2025 అక్టోబరు 15 నుంచి, ఇన్‌స్పెక్షన్ వదులుకుంటేనే ఇల్లు అమ్ముతామనే షరతు చెల్లదు. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ మినహాయింపుల జాబితా చదివారా? లైసెన్సున్న నిర్వాహకుడు నడిపే వేలం, అప్పు కింద జప్తు అందులో ఉన్నాయి. రంగులద్ది, పూలకుండీలు పెట్టి చూపించే ఇంటికి రక్షణ. నెలల తరబడి తాళం పడి బూజు పట్టిన ఇంటికి మినహాయింపు. ఈ తర్కం తలకిందులు.

తనిఖీకి గడువిస్తే అమ్మకాలు ఆగిపోతాయన్న వాదన నిలవదు. ప్రభుత్వ బీమా ఉండే ఎఫ్‌హెచ్‌ఏ అప్పుల కింద జప్తయిన ఇళ్లను ఫెడరల్ గృహశాఖ హడ్ యాజ్-ఈజ్‌గానే అమ్ముతుంది. సొంతంగా కాపురం ఉండేవాళ్లకు ఒప్పందం తర్వాత పదిహేను రోజుల తనిఖీ గడువిస్తుంది, తన దగ్గరున్న ఇంటి స్థితి నివేదికనూ చూపిస్తుంది. ఎఫ్‌హెచ్‌ఏ అప్పు తీసుకునేవాళ్ల కోసం "మీ రక్షణ కోసం ఇన్‌స్పెక్షన్ చేయించుకోండి" అనే శీర్షికతో కాగితమూ తయారుచేసింది. అప్రైజల్ వేరు, ఇన్‌స్పెక్షన్ వేరు అని అందులో విడమరిచి చెబుతుంది. ప్రభుత్వం పాటిస్తున్న ఆ పదిహేను రోజులు బ్యాంకులకు ఎందుకు బరువు?

టెక్సస్ శాసనసభ 2027 జనవరిలో మళ్లీ కూర్చుంటుంది. బ్యాంకు చేతిలో ఉన్న ప్రతి ఇంటికీ, అందులో కాపురం ఉండబోయే కొనుగోలుదారుకు, నీళ్లు, కరెంటు, గ్యాస్ పెట్టించి పదిహేను రోజుల తనిఖీ గడువు ఇవ్వాల్సిందేనని రాయాలి. బ్యాంకు దగ్గరున్న పాత నివేదికలు, మరమ్మతు బిల్లులు చూపించాల్సిందేనని రాయాలి. మన సంఘాలు వేదికలెక్కించి శాలువాలు కప్పే ప్రజాప్రతినిధులను ఈ సంగతి అడగాలి. అడిగేటప్పుడు 51.009 కాగితం చేతిలో పట్టుకుని వెళ్లాలి. అందులోని "వినియోగదారు కాడు" అన్న ఆ మాటను వాళ్ల చేతే పైకి చదివించాలి.