సమాధానము అను మాట



తెలుగు పండితునిగా నా ఉద్యోగజీవితం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో గడిచింది. అప్పుడు మూడూ వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ టపా ఒక మాటను గురించి.

తెలుగు బైబిలులో మనం శాంతి అనుకునే చోట తరచుగా 'సమాధానము' కనబడుతుంది. కొత్తలో అది నాకు అనువాదదోషమని తోచింది. సమాధానమంటే ప్రశ్నకు జవాబు కదా అనుకున్నాను. తరువాత ధాతువు పట్టుకుని చూశాను. 'ధా' ధాతువుకు 'సమ్', 'ఆ' ఉపసర్గలు చేరినవి. విడిపోయినవాటిని చేర్చి నిలుపుట అని భావం. 'సంధి'లో ఉన్నదీ అదే ధాతువు. దోషం అనువాదకునిది కాదు, నాది.

అయితే మా గడ్డమీద ఈ మాట తేలికగా పలికేది కాదు. జనగామ ప్రాంతపు కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలి అయినాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటకోసం దొరను ఎదిరించింది. వారితో శాంతము వహింపుమని చెప్పే అర్హత ఎవరికున్నది? గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడటం భయమే గాని శాంతి కాదు. శాంతిని బోధించే ఏ మతమైనా ముందు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి.

ఇక్కడి క్రైస్తవం ఆ ప్రశ్నను బొత్తిగా ఎరుగనిది కాదు. 1890లో నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా దేశపు మెన్నొనైట్ బ్రెదరన్ సంఘీయుడు. ఆ సంఘం వారు అమెరికన్ బాప్టిస్టు మిషన్ పక్షాన జనగామలోనూ పనిచేశారు. మెన్నొనైట్లు 16వ శతాబ్ది నుండి ఆయుధం పట్టరాదన్నవారు. రష్యాలో సైనికసేవకు బదులు అడవులు పెంచినవారు. ఇక మహబూబాబాద్ దాపున డోర్నకల్ ఉన్నది. 1912 డిసెంబరు 29న అక్కడి బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో సభలో ఆయన పాశ్చాత్య మిషనరీలను అడిగింది దానధర్మాలు కాదు, సమాన స్నేహం. ఆయన సంఘంలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఎక్కువ తక్కువలు ఉన్నచోట సంధి పొసగదని ఆయన ఎరుగును.

ఇక నా సంగతి. 1990లలో భూపాలపల్లి వైపు పనిచేస్తున్నప్పుడు, నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు అడవికి పోయి ఎన్‌కౌంటరులో చనిపోయాడు. వాళ్ల ఇంటికి పోవాలనుకున్నాను, పోలేదు. ఎవరైనా చూస్తే ఉద్యోగానికి ముప్పని భయం. ఆ ఊరి పాస్టరుగారు మాత్రం పోయి, తల్లి పక్కన కూర్చుని వచ్చారు. నెల తిరగకముందే మందుపాతర పేలి ఒక కానిస్టేబులు మరణిస్తే, ఆ ఇంటికీ పోయారు. రెండు పక్షాలవారూ ఆయనను నిందించారు. ఆయన ఎవరికీ బదులు చెప్పలేదు. వ్యాకరణంలో నేను వెదికిన అర్థాన్ని ఆయన నడిచి చూపించారు.

2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వం, నక్సలైట్లు ముఖాముఖి కూర్చున్నారు. వెనుక ఎస్.ఆర్. శంకరన్‌గారి వంటి పెద్దల ఏళ్ల శ్రమ ఉన్నది. 2005 జనవరికే అది విరిగిపోయింది. 2025లో కర్రెగుట్టల్లో తుపాకులు మోగినప్పుడు మళ్లీ చర్చల మాట వస్తే, "అప్పుడేమైంది?" అని వెక్కిరించినవారున్నారు.

వారికి ఉద్యోగపర్వం గుర్తుచేస్తాను. అయిదూళ్లు ఇచ్చినా చాలునన్న పాండవుల పక్షాన కృష్ణుడు రాయబారానికి వెళ్లాడు. సంధి కుదరలేదు. అయినా వెళ్లకుండా ఉండవలసిందని ఏ పాఠకుడూ అనడు. ఫలించకపోవడం వేరు, ప్రయత్నించకపోవడం వేరు. క్రీస్తు ధన్యులన్నది సమాధానపరచువారినే గాని, అందులో గెలిచినవారిని మాత్రమే కాదు.

నేను క్రైస్తవుణ్ణి కాను. కాని ఆ తల్లి ఇంటి గడప తొక్కలేకపోయిన బాకీ నాకు మిగిలే ఉన్నది. ఈ నాలుగు మాటలు దానికి చెల్లు కావు.

పెద్దలు దోషాలుంటే సవరింపగలరు. సెలవు.