ఫ్యూజు పీకినా ఆగని కరెంటు

కీసర, నాగారం, రాంపల్లి మొదలుకొని నాచారం, ఉప్పల్ దాకా మేడల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే పనికి వెళ్తున్న కుర్రాళ్లూ, వాళ్లను పంపుతున్న తల్లిదండ్రులూ, పని చేయించుకుంటున్న ఇంటి యజమానులూ ఈ మాట వినాలి. డీసీ కరెంటు పని చేత్తో నేర్చుకోని మనిషిని ప్యానెల్ తీగ ముట్టనివ్వకండి. ఎండ ఉన్నంతసేపు ఆ తీగలో ఓల్టేజీ ఉంటుంది. కింద మెయిన్ దించినా ఉంటుంది, ఫ్యూజు పీకినా ఉంటుంది, ఊరంతా కరెంటు పోయినా ఉంటుంది.

ఇళ్లలో వైరింగ్ చేసి చేయి తిరిగినవాడికే ఇక్కడ ముప్పు ఎక్కువ. మెయిన్ ఆపడం, టెస్టర్ పెట్టి చూడడం, పని మొదలుపెట్టడం అతనికి ఏళ్ల అలవాటు. మేడ మీద ఆ అలవాటు పనికిరాదు. 3 కిలోవాట్ల ఇంటికి 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పడతాయి. ఒక్కోటి దాదాపు 50 ఓల్టులు ఇస్తుంది. ఆరింటినీ వరసగా కలిపితే రెండు కొసల మధ్య 300 ఓల్టులకు దగ్గరగా వస్తుంది. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తీసినప్పుడు లేచిన స్పార్క్ వెంటనే ఆరిపోతుంది. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీకి ఆ సున్నా లేదు. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే రెండు కొసల మధ్య మంట నిలబడిపోతుంది. ప్లాస్టిక్ కరుగుతుంది, చేతులు కాలతాయి. ఉలిక్కిపడి వెనక్కి అడుగేస్తే అక్కడ పిట్టగోడ ఉండాలి కదా! కొత్త ఇళ్ల పై స్లాబులకు చాలాచోట్ల అదీ ఉండదు.

కీసరగుట్ట చుట్టుపక్కల కోతుల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పైపులో వేయకుండా వదిలేసిన కేబుల్‌ను అవి కొరికితే రాగి బయటపడుతుంది. అది ఫ్రేముకు తగిలి, ఎర్తింగ్ కూడా సరిగా లేకపోతే, ప్యానెల్ తుడవడానికి మేడెక్కిన ఇల్లాలికి షాక్ కొడుతుంది. అందుకే బిగించినవాడు ఆరోజు తప్పించుకున్నా ప్రమాదం ఆ ఇంటిమీదే ఉండిపోతుంది.

పని మాత్రం ఆగదు, ఆగకూడదు కూడా. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లకు సోలార్ అంటోంది. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. 17 లక్షల ఉద్యోగాలొస్తాయని కేంద్రం అంచనా వేసింది, కనీసం లక్ష మంది సోలార్ టెక్నీషియన్లను తయారుచేస్తామంది. 2030కల్లా అదనంగా 20,000 మెగావాట్ల హరిత విద్యుత్తును తెలంగాణ ఇంధన విధానం లక్ష్యంగా పెట్టుకుంది. సబ్సిడీ జమైనంత వేగంగా శిక్షణ మాత్రం సాగడం లేదన్నదే మా ఆందోళన.

శిక్షణ అసలే లేదని కాదు. 2015 నుంచి కేంద్రం వారి సూర్యమిత్ర శిక్షణ కార్యక్రమం ఉంది. 600 గంటలు, అంటే సుమారు మూడు నెలలు, రుసుము లేకుండా బసా భోజనంతో నేర్పాలన్నది దాని నిబంధన. అందులో చేరాలంటే పది పాసై ఐటీఐ చేసి ఉండాలి. మరి ఇవాళ ప్యానెళ్లు భుజాన మోసుకుని మెట్లెక్కుతున్న హెల్పర్‌కు ఐటీఐ ఎక్కడిది? ఉన్నా, మూడు నెలలు కూలి మానుకుంటే ఇల్లెట్లా గడుస్తుంది? తిండి పెట్టి పాఠం చెబితే సరిపోదు. శిక్షణ కాలానికి రోజుకూలితో సమానమైన భృతి ఇవ్వాలి. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు, ఐటీఐ ఉన్నా లేకున్నా, ముందుగా భద్రతా శిక్షణ ఇచ్చి, పనితనం పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈసీఐఎల్ దగ్గర కమలానగర్‌లో కేంద్రానిదే ఎన్‌ఎస్‌ఐసీ సాంకేతిక కేంద్రం ఉంది. రాష్ట్రం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఆధునికీకరించే పని చేపట్టింది. వీటిలో మన వైపున్న చోట ఒక నమూనా మేడ కట్టి, నిజమైన ప్యానెళ్ల మీద, ఒంటికి సేఫ్టీ హార్నెస్ తగిలించి నేర్పించడం పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే ఎండాకాలంలోపు అది మొదలుకావాలి.

ఈలోగా ఖాళీని సొమ్ము చేసుకునేవాళ్లుంటారు. రైతుల సోలార్ పంపుల కోసం ఉన్న కుసుమ్ పథకం పేరిట నకిలీ వెబ్‌సైట్లు పెట్టి డబ్బు గుంజుతున్నారని కేంద్ర పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ పలుమార్లు హెచ్చరించింది. రెండు రోజుల క్లాసుకే ప్రభుత్వ సర్టిఫికెట్, ఉద్యోగం ఖాయం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని ఎవరడిగినా రూపాయి కట్టకండి. కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంటి యజమానులారా, సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో నమోదైన వెండర్‌నే పిలవండి. అంతటితో ఊరుకోక, మీ మేడ ఎక్కుతున్న మనిషి ఎక్కడ నేర్చుకున్నాడో అడగండి. ఒంటికి సేఫ్టీ హార్నెస్, చేతికి ఇన్సులేటెడ్ గ్లౌజులు లేకపోతే పని మొదలుపెట్టనివ్వకండి. కనెక్టర్ విప్పేముందు ఇన్వర్టర్ ఆపి, డీసీ ఐసొలేటర్ స్విచ్ దించి, కరెంటు పారడం ఆగిందని మీటర్‌తో చూడాలి. ఐసొలేటర్ దించినా దానికీ ప్యానెళ్లకూ మధ్య తీగలో ఓల్టేజీ ఉంటుందని ఆ కుర్రాడికి తెలియదని అనిపిస్తే, పని అక్కడే ఆపించి వెండర్‌కు ఫోన్ చేయండి.