నిఘంటువు తిరగవేసినవాడు కవియా?

"పాత ఆవిష్కరణలలో ఏ ఒక్కదానిలోనూ ఇది పూర్తిగా లేదు, కనుక పేటెంటు ఇవ్వవలసినదే" అని వాదించేవారు కొత్తదనాన్నీ ప్రతిభనూ ఒకటే అనుకుంటున్నారు. అవి వేరు.

అమెరికా సుప్రీంకోర్టు 1945లో తేల్చిన ఇంటర్‌కెమికల్ - సింక్లెయిర్ అండ్ కారల్ వ్యాజ్యం ముద్రణ సిరాకు సంబంధించినది. పత్రికల నునుపు కాగితం సిరాను పీల్చుకోదు. కనుక యంత్రం మీద ఆరకుండా, అచ్చయ్యాక వేడి తగలగానే ఆరిపోయే సిరా కావాలి. అందుకు ద్రావకానికి ఉండవలసిన గుణాలు తెలిసినవే; ద్రావకాల గుణాలు చెప్పే పట్టికా అందుబాటులో ఉన్నదే. అందులోనుండి ఒకటి ఏరుకోవడం ఆవిష్కరణ కాదని కోర్టు తీర్పు చెప్పింది.

సబబైన తీర్పు! పద్యంలో మూడు పాదాలూ ముందే ఉండగా, ప్రాస కుదిరే పదాన్ని నిఘంటువులో వెదకి పెట్టినవానికి కవి బిరుదం ఇస్తామా?

"వెనుదిరిగి చూస్తే అన్నీ సులభంగానే తోస్తాయి" అన్న ఆక్షేపణ నిజమే. అందుకే నాటి పనివాని కన్నులతో, నాటికి తెలిసినంత మేరకే చూడాలి. అయితే ఆ పనివాడు ఒక్క కాగితమే చదివి ఊరుకునే మూఢుడు కాడు. రెండింటిని పక్కపక్కన పెట్టుకొని ఆలోచించగలడు.

అది మరచి పేటెంటు ఇస్తే, అందరికీ తెలిసినదాని మీద ఒక్కనికి గుత్తాధికారం దక్కుతుంది. దాని మూల్యం చెల్లించవలసినది తక్కిన ముద్రాపకులే.