సెల్స్ అమ్మేవోళ్లున్నారు, పైపులిచ్చే నాథుడే లేడు

పోర్టు, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊరు మనది. ఎత్తు మీంచి పడ్డోళ్లు మనకి కొత్త కాదు. గాజువాకలో ఓ సెంట్రింగ్ పనోడు స్లాబు మీంచి పడి ఎన్నుపూస ఇరగ్గొట్టుకున్నాడు. కాళ్లు పోయిన సంగతి అందరికీ కనబడుద్ది. మూత్రం సంగతి ఎవులికీ కనబడదు. సంచి నిండినట్టు తెలీదు, తనంతట రాదు. ఆ ఒత్తిడి ఎనక్కి తన్ని కిడ్నీలు తినేస్తుంది.

మొన్న ఆయన ఇంటామె ఫోన్ చేసింది. "అన్నా, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మూత్రం కంట్రోల్‌కొచ్చేస్తాదంట. లచ్చలవుతాదంట. పుస్తెలు అమ్మీమంటావేటి?"

అమ్మొద్దన్నాను. మూత్రం సంచి విషయంలో ఎలకల్లో ఆశ కనబడింది, మనుషుల్లో ఇంకా చిన్న చిన్న ప్రయోగాలే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త జబ్బుల్లాంటివాటికి తప్ప మిగతాదంతా ప్రయోగమే. ప్రయోగానికి ఒళ్లప్పగించినోడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మరి ఈ లచ్చల బిల్లు ఏటండి?

రుజువైన దారి 1972లోనే అమెరికా డాక్టర్ లాపిడెస్ చూపించాడు. రోజుకి నాలుగైదు సార్లు శుభ్రమైన పైపు ఎవరికి వారే పెట్టుకుని సంచి ఖాళీ చేసుకోవడం. పూటకో కొత్త పైపంటే నెలకి 150. మనోడు ఒక్క పైపే కడుక్కుని వారాలు లాగుతున్నాడు, జ్వరం తగ్గదు.

బిల్డింగు ఖర్చులో ఒక శాతం కార్మికుల సంక్షేమానికని సెస్సు వసూలవుతుంది. ఆ డబ్బుల్లోంచి పైపులు, కేజీహెచ్‌లో పెట్టుకోవడం నేర్పే నర్సమ్మ కావాలని సోమవారం కలెక్టరాఫీసుకి అర్జీ పట్టుకెల్తున్నాం. ఇలాటోళ్లు మీ ఈదిలో ఉంటే తోడు తీసుకురండి.